అమ్మిన ఇల్లు, కొన్న ఇల్లు

అమ్మాయి పురుటికి ఫ్రాన్స్ వెళ్ళొచ్చానని తెలియగానే మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "ఈఫిల్ టవర్ ఎక్కారా?" అని. ఎక్కలేదండీ. కనీసం దూరం నుంచి కూడా చూడలేదు. నేనున్న మూడు నెలలూ రెవెల్ అనే చిన్న ఊళ్ళోనే గడిచిపోయాయి. ఆ దేశానికి దక్షిణాన తులూజ్ అని పెద్ద నగరం ఉంది, విమానాలు తయారుచేసేది అక్కడే. దానికి యాభై కిలోమీటర్ల దూరంలో, నల్లకొండలని పిలిచే కొండల వరుస కింద ఉంటుంది ఈ రెవెల్. జనాభా పదివేల లోపే. మన దగ్గర ఓ మోస్తరు మేజర్ పంచాయతీ అంత అనుకోండి.

మా అల్లుడుగారి ఉద్యోగం తులూజ్‌లో. అక్కడ అద్దెలు భరించలేక ఇక్కడికి మారారు. వారంలో మూడు రోజులు ఆఫీసుకి వెళ్ళొస్తాడు, మిగతా రోజులు ఇంట్లోంచే పని. నేను ఏప్రిల్ చివర్లో శొంఠి, వాము, కారప్పొళ్ళు, మెత్తటి పాత చీరలు, సాంబ్రాణి, అన్నీ సర్దుకుని దిగాను. మే మొదటివారంలో పాప పుట్టింది.

మొదటి పదిహేను రోజులు ఆ ఊరు నాకు అస్సలు నచ్చలేదు. ఉన్న మాట చెప్పాలి కదా! కిటికీ తీస్తే వీధిలో పురుగు కూడా కనిపించదు. పాత ఇళ్ళు, చెక్క తలుపుల కిటికీలు, వాటిలో సగం మూసే ఉంటాయి. పొద్దున్న లేచి "పాలొచ్చాయా" అని అడగడానికి మనిషి లేదు. పురిటింటికి ఒక్కరంటే ఒక్కరు చూడ్డానికి రారు. నా పురుటికి మా అమ్మ ఇంటి నిండా జనమే. బిడ్డ ముక్కు ఎవరి పోలికో తేల్చడానికి ఊరు ఊరంతా వచ్చింది. ఇక్కడ మా పాప ముక్కు గురించి మాట్లాడేవాళ్ళే లేరు. "ఏం ఊరే ఇది, మనుషులు లేని ఊరు" అని రోజుకి రెండుసార్లయినా అనేదాన్ని. అమ్మాయి ఏమీ అనేది కాదు. అలసిపోయి ఉందిలే అనుకున్నాను.

రావడానికి ఒక్కావిడ మాత్రం వచ్చేది, మంత్రసాని. ఆస్పత్రి నుంచి వచ్చేశాక ఇంటికే వచ్చి తల్లినీ బిడ్డనీ చూసి వెళ్ళడం అక్కడి పద్ధతి. వాళ్ళ భాషలో మంత్రసానిని ఏమంటారో ఆ మాటకి "తెలివైన ఆడది" అని అర్థమట, నాకు భలే నచ్చింది. అన్నట్టు, తండ్రికి కూడా ఇరవై ఎనిమిది రోజులు సెలవిస్తారు. అల్లుడుగారు పాప గుడ్డలు మారుస్తుంటే, పాపం మావారు వీడియో కాల్‌లో చూసి ఎటు చూడాలో తెలియక ఫ్యాన్ వైపు చూశారు. మా ఇద్దరు పిల్లలకీ ఆయన ఒక్కసారి కూడా మార్చిన పాపాన పోలేదు మరి.

ఇక సాంబ్రాణి కథ. పాపకి పదకొండోరోజు స్నానం చేయించి, జుట్టు ఆరబెట్టడానికి ఓ మూకుడులో బొగ్గు ముక్క వేసి కాస్తంత సాంబ్రాణి చల్లాను. అంతే! పైకప్పుకి బిగించిన పొగ గంట చెవులు చిల్లులు పడేలా మొదలెట్టింది. అక్కడ ప్రతి ఇంట్లోనూ అది ఉండి తీరాలట. దాన్ని ఎలా ఆపాలో నాకు తెలీదు. అమ్మాయి లేవలేదు, అల్లుడు బజారుకెళ్ళాడు. నేను చీర కొంగుతో విసురుతూ కుర్చీ ఎక్కబోతుంటే తలుపు దబదబా బాదారు. పక్కింటి పెద్దావిడ! డెబ్బై అయిదు దాటి ఉంటాయి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చింది. లోపలికొచ్చి కిటికీలన్నీ బార్లా తెరిచింది, చీపురు కర్రతో ఆ గంట మీట నొక్కింది. తర్వాత గాలిలోకి ముక్కు పెట్టి పీల్చి నవ్వింది. అమ్మాయి మంచం మీంచే తర్జుమా చేసింది: "మా చర్చి వాసన వస్తోంది అంటోందమ్మా."

ఆ రోజు నుంచి ఆవిడ నాకు మదామ్. ఆవిడకి నేను "మమా." మా అమ్మాయి పిలిచే పిలుపు అలా వినపడింది కాబోలు. ఆవిడకి తెలుగు రాదు, నాకు ఫ్రెంచి రాదు. మధ్యలో ఫోను. అది చేసే తర్జుమాలు చూసి నవ్వుకోవడమే సగం మాటలు.

శనివారం పొద్దున్న నన్ను బయటికి లాక్కెళ్ళింది కూడా ఆవిడే. అప్పుడు గానీ మనుషులు లేని ఊళ్ళో మనుషులందరూ ఎక్కడున్నారో తెలియలేదు నాకు.

సంతండీ! నిజమైన సంత. ఊరి మధ్యలో నలుచదరం మైదానం. దానిమధ్య పెద్ద పెద్ద చెక్క స్తంభాల మీద నిలబడ్డ పాతకాలపు మండపం, దాని నెత్తిన గంట గోపురం. మైదానం చుట్టూ ఇళ్ళు, ఆ ఇళ్ళ కింద అంతటా నీడగా వసారా. ఎండైనా వానైనా తల తడవకుండా చుట్టూ తిరిగి రావచ్చు. ఈ ఊరు దానంతటదే పెరిగింది కాదట. 1342లో ఫ్రాన్స్ రాజు ఆరో ఫిలిప్ కాలంలో గళ్ళనుడికారం పలకలాగా వీధులు గీసి, నడిమధ్య సంత పెట్టి కట్టించిన ఊరు. అలా ఉన్నపళంగా గీత గీసి కట్టిన ఊళ్ళు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి. గుడి కోసమో కోట కోసమో కాక సంత చుట్టూ ఊరు కట్టడం నాకు వింతగా తోచింది. ఆరువందల ఏళ్ళు దాటినా ఆ మండపం కింద ఇంకా ఉల్లిపాయలే అమ్ముతున్నారు. మన దగ్గరైతే ఈపాటికి కంచె కట్టి టిక్కెట్టు పెట్టేవాళ్ళు.

ఆ రోజే నాకు ఒక అక్షింత కూడా పడింది. టమాటాలు ఎర్రగా ఉన్నాయి కదా అని అలవాటు కొద్దీ చెయ్యి పెట్టి నొక్కి చూశాను. కొట్టావిడ మొహం ముడుచుకుపోయింది. మదామ్ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి చెవిలో "బోఁజూర్" అంది. ముందు నమస్కారం చెప్పాలి, తర్వాత ఏం కావాలో అడగాలి, తీసిచ్చేది వాళ్ళు. నమస్కారం లేకుండా ధర అడిగితే పరమ అమర్యాద. ఆ తర్వాత నేను ప్రతి కొట్టు ముందూ బోఁజూర్ బోఁజూర్ అంటూ, కొనని కొట్టుకి కూడా చెప్పుకుంటూ పోయాను. అందరూ నవ్వుతూ తిరిగి చెప్పారు. ఇన్నాళ్ళూ నేను పలకరించకుండా, ఊరు నన్ను పలకరించలేదని సాధించానన్నమాట.

మే నెలాఖరుకి ఇంకో వింత. ఇరుగుపొరుగు పండుగ అని ఒకటుంది వాళ్ళకి. పాత పండుగేమీ కాదు, 1999లో పారిస్‌లో మొదలై దేశమంతా పాకింది. ఒక సాయంత్రం వీధిలోవాళ్ళు బల్లలు బయటపెట్టి, ఎవరింట్లో వండింది వాళ్ళు తెచ్చి కలిసి తింటారు. నేను పులిహోర కలిపాను, అల్లం తగ్గించి గారెలు వేశాను. ఎవరు తింటార్లే అనుకున్నా. గారెలు పావుగంటలో అయిపోయాయి! మధ్యలో చిల్లు ఎందుకని ఒకాయన అడిగితే, ఫోను ఏం చెప్పిందో ఏమో, ఆయన చిల్లులోంచి మదామ్‌ని చూసి కన్నుకొట్టాడు.

ఆ రాత్రి మా పాప ఎనిమిది చేతులు మారింది. ముక్కు ఎవరి పోలికో కూడా మాట్లాడుకున్నారు. అల్లుడిదని తేల్చారు. నాకు నచ్చలేదు గానీ, తేల్చినందుకు మాత్రం సంతోషించాను.

ఇంత బాగానే ఉంది కదా, మరి కష్టం ఎక్కడొచ్చిందంటారా? జూన్ రెండోవారంలో ఓ సాయంత్రం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నా ఎదురుగా కూర్చున్నారు. "అత్తయ్యా, ఇక్కడే ఇల్లు కొంటున్నాం. ఇవాళ ఒప్పందం మీద సంతకాలయ్యాయి" అన్నాడు అల్లుడు. సంత మైదానానికి రెండు వీధుల అవతల పాత ఇల్లట. పెద్ద రిపేర్లున్నాయట. కొనేవాళ్ళకి పదిరోజులు గడువుంటుందట, ఆలోగా మనసు మారితే ఏ నష్టమూ లేకుండా వెనక్కి తగ్గొచ్చట.

"అందుకే చెప్తున్నాం అమ్మా. నీ మనసులో ఏమున్నా ఈ పదిరోజుల్లో చెప్పు" అంది అమ్మాయి.

నేనేం చెప్తాను! అద్దె ఇంట్లో ఉన్నంతకాలం ఎప్పటికైనా వస్తారని లోపల ఒక ఆశ. అది పోయింది. "మీ ఇష్టం" అన్నాను. మన ఆడవాళ్ళం "మీ ఇష్టం" అన్నామంటే అందులో ఎంత ఇష్టం ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

రెండు రోజులు ముభావంగా తిరిగాను. పాపకి నలుగు పెట్టాను, పథ్యం వండాను, మాట మాత్రం ముక్తసరి. మూడోరోజు గిన్నెలు కడుగుతూ ఉండబట్టలేక అనేశాను. "ఎవరూ లేని చోట పిల్లని పెంచుతారా? రేపు దానికి సొంత ఊరేదంటే ఏం చెప్తుంది?"

అమ్మాయి కోప్పడలేదు. అదే నన్ను చంపేసింది. తువ్వాలుతో గిన్నె తుడుస్తూ నెమ్మదిగా అంది. "మనకి సొంత ఊరు ఉండేది కదమ్మా. మామ్మగారి ఇల్లు మీరు అమ్మేశారు. నేను తిరిగి రావాల్సిన ఊరేదో నువ్వే చెప్పు."

నా దగ్గర సమాధానం లేదు.

మా అత్తగారిది గోదావరి జిల్లాలో కాలవ గట్టు మీద పల్లె. పెంకుటిల్లు, వెనక దొడ్లో కరివేపాకు చెట్టు, ఎదురుగా కాలవ రేవు. మా పిల్లలిద్దరూ వేసవి సెలవులన్నీ అక్కడే. అత్తగారు పోయాక తాళం వేశాం. ఏడాదికి ఒకసారి బూజులు దులపడానికి వెళ్ళడం కూడా బరువైపోయింది. అమ్మేద్దామని మావారు అన్నారని అందరికీ చెప్తుంటాను గానీ, నిజానికి ముందు అన్నది నేను. మోకాళ్ళ నొప్పులు, మెట్లున్న ఇల్లు, ఎవరు చూస్తారు అని. సంతకాల రోజు అమ్మాయి ఫోన్ చేసి "ఒక్కసారి అడగొచ్చు కదమ్మా" అంది. నీకు అక్కడెందుకే ఇల్లు అని నవ్వేశాను. అది దాని మనసులో ఇన్నేళ్ళుగా ఉందని నాకు తెలియదు.

ఆ ఆదివారం నన్ను కాస్త తేలిక పరచాలనేమో, అల్లుడుగారు అందర్నీ సాన్ ఫెరియోల్ చెరువుకి తీసుకెళ్ళాడు. ఊరికి మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. మదామ్ కూడా వచ్చింది. నీలం నీళ్ళు, చుట్టూ పైన్ చెట్లు, పిల్లలు ఈతలు కొడుతున్నారు. దేవుడిచ్చిన సరస్సు అనుకున్నాను. కాదట, మనుషులు కట్టిన చెరువట.

పియేర్ పోల్ రికే అని ఉప్పు పన్ను వసూలు చేసే అధికారి ఒకాయన ఉండేవాడు. అటు అట్లాంటిక్ వైపు నుంచి ఇటు మధ్యధరా సముద్రం దాకా పడవలు వెళ్ళేలా కాలవ తవ్వాలని ఆయన పట్టుదల. తులూజ్ నుంచి సముద్రపు ఒడ్డు దాకా 240 కిలోమీటర్లు. తవ్వొచ్చు సరే, మధ్యలో మెట్ట దగ్గర కాలవకి నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయి? నల్లకొండల వాగుల్ని పట్టి మళ్ళించాడు, ఆ నీళ్ళు నిలవడానికి 1667లో ఈ చెరువు కట్ట మొదలుపెట్టాడు. డబ్బు చాలక కూతుళ్ళ కట్నం సొమ్ము కూడా పెట్టేశాడని చెప్పుకుంటారు. తీరా కాలవ తెరిచింది 1681లో. దానికి కొన్ని నెలల ముందే ఆయన పోయాడు. 1996లో ఆ కాలవని ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చారు. ఇప్పటికీ దానికి ఈ చెరువు నీళ్ళే వెళ్తున్నాయి.

కట్ట మీద నడుస్తూ మదామ్ ఆగి, తలమీద చెయ్యి పెట్టి బుట్ట మోస్తున్నట్టు నటించింది. తర్వాత నన్ను చూపించింది, తనని చూపించుకుంది. అమ్మాయి చెప్పింది. ఈ కట్టకి మట్టి మోసినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళేనట. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, బుట్టలతో మోసి పోశారట. రికే వానొచ్చి పని ఆగిన రోజు కూడా కూలి ఇచ్చేవాడట. ఆయనకి విగ్రహాలున్నాయి, ఆ ఆడవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు.

నాకు ధవళేశ్వరం గుర్తొచ్చింది. కాటన్ దొరగారి విగ్రహానికి మా వైపు దండలు వేస్తాం, వెయ్యాలి కూడా. 1852కి ఆనకట్ట పూర్తయింది, మా అత్తగారి ఇంటి ముందు కాలవ దాని చలవే. కానీ ఆ మట్టి మోసినవాళ్ళలో ఎందరు తల్లులో, చంటిపిల్లల్ని చెట్టుకి ఉయ్యాల కట్టి వచ్చినవాళ్ళెందరో! ఆ రేవులో నలభై ఏళ్ళు బిందె ముంచిన మా అత్తగారికీ తెలియదు, నాకూ తెలియదు.

కట్టమీద బల్ల దొరికితే కూర్చున్నాం. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. నేనే మదామ్‌ని అడిగాను, మీ పిల్లలెక్కడ అని. కొడుకు పారిస్‌లో, కూతురు బోర్డోలో. ఏడాదికి రెండుసార్లు వస్తారు. ఆవిడ భర్త చెక్క సామాను పనివాడు. ఒకప్పుడు రెవెల్ ఆ పనికి పేరున్న ఊరు, బల్లలమీద రంగురంగుల చెక్కపేళ్ళతో పువ్వులు పొదిగేవాళ్ళు. ఆవిడ ఇంట్లో ఆయన చేసిన బల్ల నేను చూశాను, గులాబీ రేకుకి కూడా నీడ కనిపిస్తుంది. పెద్ద పెద్ద పనిశాలలు తగ్గిపోయాయి, పిల్లలు ఆ పనిలోకి రాలేదు.

"నాకూ కోపమొచ్చింది, నా కొడుకు వెళ్ళినప్పుడు" అంది ఆవిడ. అమ్మాయి తల దించుకుని ఒక్కొక్క మాటా తెలుగులో చెప్తోంది. "వాడు వెళ్ళాడు, మీ అమ్మాయి వచ్చింది. మీరు చూశారుగా, మా వీధిలో సగం కిటికీలు మూసే ఉంటాయి. మీ వాళ్ళు కొన్న ఇంటి కిటికీలు చాలా ఏళ్ళుగా మూసి ఉన్నాయి. నేను రోజూ దాని ముందునుంచే రొట్టె తెచ్చుకుంటాను."

అంతకంటే ఇంకేమీ అనలేదు. అమ్మాయి కూడా దానికి ఏమీ కలపలేదు.

తర్వాతి శనివారం, అంటే గడువులో తొమ్మిదోరోజు, సంతకి అమ్మాయీ వచ్చింది, పాపని ఒంటికి గుడ్డతో కట్టుకుని. ఆ రోజు నేను కూరలు చూడలేదు, అమ్మాయిని చూశాను. మేక పాల జున్ను అమ్మే ఆవిడ దాన్ని పేరు పెట్టి పిలిచి, కుట్లు మానాయా అని అడిగింది. పూల కొట్టాయన పాప కాలివేలు పట్టుకుని ఊపాడు. లైబ్రరీలో పనిచేసే అమ్మాయి బుధవారం పసిపిల్లల కథలకి రమ్మంది. మా పిల్ల ఇరవై నాలుగు గంటలూ అలసిపోయి ఉందనుకున్నానే, వీళ్ళ మధ్య నిటారుగా నడుస్తోంది. ఇక నేను? రాజమండ్రి అపార్ట్‌మెంట్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాను. ఎదురు ఫ్లాట్ వాళ్ళమ్మాయి పేరు నాకు తెలియదు. కూరలు ఫోన్లో తెప్పించుకుంటాను.

ఎవరూ లేని చోట ఉంటున్నది ఎవరు మరి?

ఆ సాయంత్రం పాపని జోకొడుతూ అన్నాను, "వంటింట్లో గట్టు కాస్త ఎత్తుగా పెట్టించుకో. వంగి వంగి నా నడుం పోయింది." అమ్మాయి ఒక్కక్షణం అలా చూసి, వచ్చి నా భుజమ్మీద తల పెట్టుకుంది. "మామ్మగారి ఇల్లు అడక్కుండా అమ్మడం తప్పేనే" అన్నాను. అది ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పాప మాత్రం హాయిగా పడుకుంది.

అలాగని బాధ పోయిందనుకోకండి. జూలైలో బయల్దేరేముందు మదామ్ గులాబీ రంగు వెల్లుల్లి జడ ఒకటి ఇచ్చింది. పక్కనున్న లోత్రెక్ ఊరి వెల్లుల్లికి మంచి పేరు. విమానం ఎక్కేదాకా అది పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను. మనవరాలు మొదటి అడుగు వేసేది నా కళ్ళముందు కాదు. అది ఏ మండపమూ, ఏ చెరువూ తీర్చేది కాదు.

వచ్చాక రెండు పనులు చేశాను. ఒకటి, ఎదురు ఫ్లాట్ తలుపు కొట్టాను. కార్తీకమాసంలో మేడమీద తలా ఒకటి వండి తెచ్చుకుందాం అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఇరవై నాలుగు ఫ్లాట్లకి ఏడిళ్ళ వాళ్ళు వచ్చారు. ఎదురింటి పిల్ల పేరు తెలిసింది, చక్కగా పాడుతుంది కూడా. రెండోది, మావారితో కలిసి పల్లెకి వెళ్ళాను. ఇల్లు కొన్నవాళ్ళు రంగులు మార్చారు, అరుగు మీద ఇద్దరు పిల్లలు అష్టాచెమ్మా ఆడుతున్నారు. కిటికీలన్నీ తీసి ఉన్నాయి. ఆ ఇంటి కోడలు కాఫీ ఇచ్చి, వెళ్ళేటప్పుడు దొడ్లోంచి గుప్పెడు కరివేపాకు కోసి నా చేతిలో పెట్టింది.

దాని ఫోటో అమ్మాయికి పంపాను. అది తిరిగి ఒక ఫోటో పంపింది: కొత్తింటి కిటికీ, బార్లా తెరిచి. కింద వీధిలో మదామ్, చంకలో రొట్టె పెట్టుకుని, పైకి చూస్తూ చెయ్యి ఊపుతోంది.